శిల్పం ఎవరి మాట?

1

తెలుగు సాహిత్య విమర్శ నుంచి ‘శిల్పం’ అన్న ఒక్క మాటను తీసేస్తే మనలో చాలామందికి రాయడానికి ఏమీ మిగలదు. వస్తువు ముఖ్యమా, శిల్పం ముఖ్యమా అని దశాబ్దాల తరబడి వాదించుకున్నాం. వస్తువు గొప్పదే కాని శిల్పం కుదరలేదని అభ్యుదయ రచయితలను కళావాదులు ఎత్తిపొడిచారు. శిల్పమంతా ఉంది కాని చెప్పిందేమిటని మనవాళ్లు వాళ్లను నిలదీశారు. మదనపల్లెలో పనిచేసిన వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘నవలాశిల్పం’, ‘కథాశిల్పం’ అని రెండు పుస్తకాలు రాసి ఈ చర్చకు ఒక క్రమం తెచ్చారు. రెండోదానికి 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మంచి కథకుణ్ణి ‘అక్షరశిల్పి’ అంటాం. వాక్యాన్ని చెక్కాడంటాం, పాత్రను మలిచాడంటాం, చిత్రిక పట్టాడంటాం. అతుకు కనబడుతోందనీ, బిగువు సడలిందనీ తప్పులు ఎంచుతాం.

ఈ మాటల్లో ఒక్కటి కూడా మనం పుట్టించింది కాదు. అన్నీ రాతిపనివాడి దగ్గరా, కొయ్యపనివాడి దగ్గరా తెచ్చుకున్నవే. తెచ్చుకోవడంలో తప్పులేదు. మాటలు తెచ్చుకున్న చోటికి మళ్లీ వెళ్లి, అక్కడ ఆ మాటకు అర్థమేమిటో అడిగామా అన్నదే నా ప్రశ్న. అడగలేదని నా అభిప్రాయం. అడగకపోవడం వల్ల నష్టపోయింది ఆ పనివాళ్లు మాత్రమే కాదు, మన విమర్శ కూడా.

దీన్ని ఊహలో కాక ఒక ఊళ్లో నిలబడి చర్చించాలనుకున్నాను. ఆ ఊరు గోరంట్ల. అనంతపురం కరువు పీఠభూమి మీద, చిత్రావతి ఒడ్డున ఉంది. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన కురిసే సీమ ఇది. అదీ కురవాల్సిన నెలలో కురుస్తుందన్న నమ్మకం లేదు. గోరంట్లలో విజయనగర కాలపు మాధవరాయస్వామి గుడి ఉంది. అందులో చెక్కిన రాతి స్తంభాలున్నాయి. అదే ఊళ్లో ఒక రేకుల కొట్టంలో ఒక ముసలి వడ్రంగి ఉన్నాడు. మొదటివాటిని చూడటానికి వెళ్లి రెండో ఆయన దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాను. ఈ వ్యాసం ఆ కూర్చోవడంలో పుట్టింది.

2

ముందు శిల్పి గురించి మనం చెప్పుకునే కథలు చూద్దాం. కళాకారుడి గురించి ఒక సమాజం ఏమనుకుంటుందో దాని కథల్లో తెలిసినంతగా సిద్ధాంత గ్రంథాల్లో తెలియదు.

గోరంట్లకు దగ్గర్లోనే లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) పెనుకొండ కేంద్రంగా అధికారం నడిపిన విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు అక్కడ వీరభద్రాలయం కట్టించారు. ఆ గుడి చుట్టూ రెండు ప్రసిద్ధమైన కథలున్నాయి. ఒకటి విరూపణ్ణది. రాజు ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని నింద పడితే, శిక్ష పడేలోగా తన కళ్లు తానే పెరుక్కుని గోడకేసి కొట్టాడట. గోడమీది ఎర్రటి మరకలను ఇప్పటికీ చూపిస్తారు. రెండోది నాగలింగం కథ. పని చేస్తున్న శిల్పులు మధ్యాహ్నం తిండికి వస్తే వంట ఇంకా కాలేదట. వంటయ్యేలోపు ఊరికే కూర్చోలేక ఎదురుగా ఉన్న గుండును ఏడు పడగల నాగుపాముగా చెక్కేశారట. తల్లి వచ్చి చూసి విస్తుపోతే, ఆమె దిష్టి తగిలి రాయి చిట్లిందట.

రెండూ కథలే, చరిత్ర కాదు. కాని ఏ కథ ఎవరి నోట పుట్టిందో ఊహించడం కష్టం కాదు. మొదటిది పైనుంచి వచ్చింది. దానిలో ఖజానా ఉంది, రాజు ఉన్నాడు, నింద ఉంది, త్యాగం ఉంది. గుడి కట్టింది ఒక అధికారి అన్న అవగాహన దాని వెన్నెముక. చెక్కినవాడికి అందులో చోటు లేదు. రెండోది కిందినుంచి వచ్చింది. దానిలో ఆకలి ఉంది, పొయ్యి ఉంది, ఆలస్యమైన కూడు ఉంది, బిడ్డల పని చూసి నివ్వెరపోయిన తల్లి ఉంది. అదే ఆవరణలో నేల బండమీద పళ్లేల్లాంటి గుంటలు చెక్కి ఉన్నాయి. రంగులు కలుపుకోవడానికని కొందరూ, పనివాళ్లు కూడు తినడానికని కొందరూ చెబుతారు. ఏది నిజమైనా, గుడిని చూసి ‘వీళ్లు ఎక్కడ తిన్నారు?’ అని అడిగే మనుషులు ఈ సీమలో ఉన్నారని ఆ మాట సాక్ష్యం చెబుతోంది. దీనికంటే మంచి విమర్శ ప్రశ్న నాకు తెలియదు.

మన సాహిత్యం, సినిమా మాత్రం ఈ రెండో దారి పట్టలేదు. 1964లో బి.ఎస్. రంగా దర్శకత్వంలో అక్కినేని నాగేశ్వరరావు, బి. సరోజాదేవి నటించిన ‘అమరశిల్పి జక్కన్న’ తెలుగువాళ్లకు శిల్పి అంటే ఎవరో ఖాయం చేసి పెట్టింది. ప్రేమ, అనుమానం, ఎడబాటు, పశ్చాత్తాపం. చివరికి, మలిచిన విగ్రహంలో దోషముందని ఒక కుర్రవాడు చూపిస్తాడు. ఉలి తగిలిన చోట రాతిలోంచి నీళ్లూ కప్పా బయటపడతాయి. శిల్పి కుడిచెయ్యి నరుక్కుంటాడన్నది ఆ జక్కనాచారి ఐతిహ్యం. విరూపణ్ణ కళ్లు ఇచ్చాడు, జక్కన్న చెయ్యి ఇచ్చాడు. కళను గౌరవించడానికి మన కథలు అవయవాన్ని అడుగుతాయి, ఎందుకు? చెయ్యి శ్రమకు పనిముట్టు మాత్రమే కాదు, శ్రమ వల్ల రూపొందినది కూడా అని ఎంగెల్స్ 1876లో రాశాడు. తరతరాల పని ఆ చేతిని తయారుచేసింది. అలాంటి చేతిని తెగ్గొట్టి దేవుడి దయతో మళ్లీ మొలిపించే కథ, శ్రమ ఫలితాన్ని వరప్రసాదంగా మారుస్తోంది. తెగిన చెయ్యి తిరిగి వచ్చినప్పుడు అది పనివాడిది కాదు, దేవుడు ఇచ్చినది.

ఇంతకూ శిల్పుల పేర్లు దొరకవా అంటే, దొరుకుతాయి. హొయసల గుళ్లలో దాసోజ, ఆయన కొడుకు చావణ, మల్లితమ్మ లాంటివాళ్లు తమ బొమ్మల పీఠాల మీద పేర్లు చెక్కుకున్నారు. రాతిలో సంతకం పెట్టిన ఆ మనుషుల మీద మనం సినిమా తీయలేదు. ఐతిహ్యంలోని జక్కన్న మీద తీశాం. 1213 నాటి పాలంపేట గుడి కట్టించింది రేచర్ల రుద్రుడు. దానికి శిల్పి పేరు మీదనే రామప్ప అన్న పేరు నిలిచిందని జనం చెప్పుకుంటారు. 2021లో అది ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కినప్పుడు ఆ మాట మళ్లీ మళ్లీ విన్నాం. జనం నమ్మకంలో ఒక న్యాయమైన కోరిక ఉంది. కాని ఒక్క పేరు పట్టుకుని ఊరేగితే మిగిలిన వందలమంది మళ్లీ చీకట్లోకి పోతారు. కట్టడాలకు రాళ్లెత్తినవాళ్లను గురించి శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’లో అడిగిన ప్రశ్న మనందరికీ కంఠస్థమే. కంఠస్థం కావడంతోనే అది నినాదమైంది. జవాబు వెతికే పని ఆగిపోయింది.

3

జవాబు వెతకాలంటే రాతిని చూడటం నేర్చుకోవాలి. నాకు అది ఆలస్యంగా తెలిసింది, అదీ ఒక వడ్రంగి పుణ్యమా అని.

గోరంట్ల గుడి స్తంభాల గురించి నేను వర్ణించబోతుంటే ఆయన ఆపాడు. ఊళ్లో అందరికీ ఆయన ‘ఆచారి’. అది పేరు కాదు, పనికి ఉన్న పిలుపు. “బొమ్మలు తర్వాత సూద్దువులే సార్. ముందు ఎత్తుబడి సూడు. ఆ దూలం స్తంభం మింద యెట్ల కూర్చున్యాదో సూడు. అది మా పనే” అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నిలువు కంబం, దాని నెత్తిన బరువును రెండు వైపులకూ పంచే బోదిక, దానిమీద అడ్డదూలం, పైన కప్పు. ఇది రాతికి సహజమైన కట్టుబడి కాదు, కొయ్యది. అడ్డంగా పరిస్తే రాయి తొందరగా విరుగుతుంది. కొయ్య వంగుతుంది కాని ఓర్చుకుంటుంది. అయినా మన గుళ్లు శతాబ్దాల తరబడి కొయ్య ఇంటి వ్యాకరణంలోనే రాతిని పేర్చాయి. హంపి విఠలాలయం లాంటి విజయనగర మండపాల చూరు కింద నిలబడి తలెత్తి చూడండి. రాతిలోనే వాసాలు చెక్కి ఉంటాయి, అడ్డపట్టీలు చెక్కి ఉంటాయి. రాతికి వాసంతో పనిలేదు. శిల్పికి మాత్రం వాసం లేని చూరు చూరులా కనిపించలేదు. అతని కంటికి ఇల్లంటే వడ్రంగి కట్టిన ఇల్లు.

ఇంకా స్పష్టమైన ఉదాహరణ అనంతపురం జిల్లాలోనే ఉంది. తాడిపత్రి చింతల వెంకటరమణస్వామి గుడిలో గరుడ మందిరాన్ని రాతిరథంగా మలిచారు. హంపి రాతిరథం దానికంటే ప్రసిద్ధం. 2017లో వచ్చిన యాభై రూపాయల నోటు మీద అది ఉంది గనక రోజూ మన జేబులో తిరుగుతోంది. చక్రమంటే కదలాలి, బరువు మోయాలి. రాతిచక్రం ఈ రెండూ చేయదు, చక్రం ఎలా ఉంటుందో చూపుతుంది, అంతే. మోసే చక్రం కదిరిలో ఉంది. నరసింహస్వామి కొయ్యరథాన్ని ఫాల్గుణమాసంలో వేలాదిమంది మోకులు పట్టి లాగుతారు. దానికి ఇరుసు కావాలి, శీల కావాలి, ఎండిన చేవ కావాలి. కొయ్యతేరును మరమ్మతు చేయకపోతే కొన్నేళ్లకు అది కట్టెలపాలవుతుంది.

ఇక్కడే మన కళాచరిత్ర చేసిన అన్యాయం బయటపడుతుంది. నిలిచిపోయింది గనక రాతిపనిని ‘కళ’ అన్నాం. అరిగిపోయింది గనక కొయ్యపనిని ‘చేతివృత్తి’ అన్నాం. అరిగిపోవడానికి కారణం అది వాడుకలో ఉండటమే. నాగలి అరుగుతుంది, బండిచక్రం అరుగుతుంది, గడప అరుగుతుంది. దీని లెక్కన, మనిషికి ఎంత దగ్గరగా పనికొస్తే అంత తక్కువ కళ అయింది. ఈ విలువల పట్టిక ఎవరిది? పనిచేయకుండా చూసేవాడిది. గుడికి వచ్చి బొమ్మను చూసేవాడికి రాతిచక్రం గొప్పది. బండికి గింజల మూటలు ఎత్తేవాడికి కొయ్యచక్రం గొప్పది. మన విమర్శ, ప్రగతిశీలమని చెప్పుకునే విమర్శ కూడా, ఎక్కువసార్లు మొదటివాడి పక్కనే నిలబడింది.

4

ఆచారి జీవితం గురించి కొంత చెప్పాలి. ఇది ఒక మనిషి కథ మాత్రమే కాదు గనక చెబుతున్నాను.

“మా నాయన బండ్లు చేసినాడు, మడకలు చేసినాడు, కపిలె బండ్లు చేసినాడు. నేను బండ్లూ చేసినా, దేవుని వాహనాలూ చేసినా. ఇప్పుడు వాకిండ్లు చేస్తాండా” అన్నాడు. మూడు వాక్యాల్లో మూడు తరాల ఆర్థిక చరిత్ర ఉంది. విప్పి చూద్దాం.

కమ్మరి, వడ్రంగి, కంచరి, కాసె, అగసాలె కలిసి పంచాణంవారు. విజయనగర కాలంనాటి గ్రామ వ్యవస్థలో వడ్రంగి, కమ్మరి ఊరి ఆయగాళ్లలో ఉన్నారు. కొంత మాన్యం, కల్లంలో మేర. ఏడాది పొడుగునా రైతుకు మడక, కాడిమాను, గొర్రు, గుంటక చేసి బాగుచేసినందుకు పంట వచ్చినప్పుడు జొన్నో, రాగో, కొర్రో కొలిచిపోస్తారు. దీన్ని స్వర్ణయుగంగా చెప్పేవాళ్లున్నారు. కాదు. పని ముందు, కూలి తర్వాత. అదీ పంట పండితేనే. పంట పోతే రైతు నష్టం సగం వడ్రంగి నెత్తిన పడేది, దానికి పత్రం లేదు, రెమిషను లేదు. 1876–78 నాటి ధాత కరువు ఈ సీమను ఊడ్చిపెట్టినప్పుడు, అప్పటికి అనంతపురం బళ్లారి జిల్లాలోనే ఉంది, పొలం లేని చేతిపనివాళ్లకు అమ్ముకోవడానికి పనిముట్లు తప్ప ఏముంటాయి?

కులం సంగతి దాటవేయకూడదు. విశ్వబ్రాహ్మణులు తమ వైదిక కర్మలు తామే చేసుకునే హక్కు కోసం చిత్తూరు జిల్లా అదాలత్ కోర్టు దాకా వెళ్లారు. 1818లో తీర్పు వారి పక్షాన వచ్చింది. పనివాళ్లు అగ్రవర్ణ పెత్తనాన్ని ఎదిరించిన ఘట్టంగా దాన్ని గౌరవించాలి. కాని ఎదిరించినవాళ్లు అడిగింది జంధ్యం మీద హక్కు, జంధ్యం అక్కర్లేని సమాజం కాదు. గుడికి రాయి కావాలంటే ముందు గుట్టను చీల్చాలి. వరసగా గుంటలు తొలిచి చీలలు దిగ్గొట్టి బండను విడదీసి ఈడ్చుకొచ్చేవాళ్లు ఉండాలి. ఈ సీమలో ఆ పని తరతరాలుగా వడ్డెవాళ్లది. కపిలెకు చక్రం వడ్రంగి చేస్తే తోలుబాన మాదిగవాళ్లు కుట్టారు. రెండూ కలిస్తేనే బావిలో నీళ్లు పైకి వచ్చాయి. శిల్పశాస్త్రం చదివిన ఆచార్యుడికి దొరికిన గౌరవం, బండ పగలగొట్టినవాడికీ బాన కుట్టినవాడికీ దొరకలేదు. శ్రమలోనూ మెట్లున్నాయి. శిల్పిని పొగిడి ఆగిపోయే రచయిత, తెలియకుండానే పై మెట్టును పొగుడుతున్నాడు.

ఇక మార్పు. 1970ల తర్వాత అనంతపురంలో వేరుశనగ మిగిలిన పంటలను పక్కకు నెట్టి మెట్ట సేద్యాన్నంతా ఆక్రమించుకుంది. సేద్యం జూదమైన వైనాన్ని సింగమనేని నారాయణ కథల్లో చదివాం. ఆ జూదంలో కూర్చోకుండానే ఓడిపోయినవాడు వడ్రంగి. తిండిగింజ పోయింది గనక కల్లంలో కొలత పోయింది. వేరుశనగ మండీకి పోయే సరుకు, మేరగా పోసే గింజ కాదు. బోరు వచ్చి కపిలె పోయింది. ఇనుప మడక వచ్చింది, ట్రాక్టరు వచ్చింది, రబ్బరు టైర్ల బండి వచ్చింది. “సెనక్కాయ పండిన యేడు మాకు పనిలేదు, ఎండిన యేడు మాకు దుడ్డు లేదు” అన్నాడు ఆచారి. ఈ మాటను నేను సరిచేసి రాయలేను.

దేవుని వాహనాలు ఆయన చేసిన పనిలో శిల్పమని మనం ఒప్పుకునే భాగం. హంస, గుర్రం, సింహం. ఉత్సవంలో నాలుగు భుజాల మీద మోస్తారు గనక లోపల గుల్ల ఉండాలి, బయట నిండుగా కనిపించాలి, ఊపుకు మెడ విరగకూడదు. ఇంకా పాత సింహం ఒకటి మరమ్మతుకు వచ్చి కొట్టంలో ఉంది. దాని దవడ కింద కొత్త ముక్క అతికించాడు. పాత కొయ్య ఈనె ఎటు పోతోందో చూసి, కొత్త ముక్క ఈనెను అటే తిప్పి అతికాడు. నేను చాలాసేపు చూసినా అతుకు చిక్కలేదు. చేత్తో తడమమన్నాడు. కన్ను పట్టలేనిది వేలికి తగిలింది.

కొడుకు బెంగళూరులో ఫర్నిచర్ తయారుచేసే చోట మిషన్ మీద ఉన్నాడు. “వానికి కొయ్య తెలీదు సార్. బోర్డు తెలుసు. దాంట్లో ఈనె ఉండదు. యెట్ల కోసినా పలుకుతాది” అన్నాడు. ఇది తండ్రి సణుగుడు కాదు. పరాయీకరణ అని మనం పుస్తకాల్లో చదివేదానికి, పని చేసే మనిషి ఇచ్చిన నిర్వచనం. పదార్థం ఎదురు చెప్పని చోట పనివాడు నేర్చుకునేదేమీ లేదు. అయినా కొడుకు చేసింది తప్పని నేను అనను, ఆయనా అనలేదు. నెలకు జీతం వస్తుంది. కులవృత్తి సొగసుల గురించి రాసేవాళ్లం, ఆ వృత్తిలోనే ఉండమని ఇంకొకరి బిడ్డకు చెప్పే హక్కు మనకు లేదని గుర్తుంచుకోవాలి.

ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయంటే, రాష్ట్ర హస్తకళల సంస్థ దుకాణాలకు ‘లేపాక్షి’ అని పేరుంది. 2023 సెప్టెంబరులో కేంద్రం ‘పీఎం విశ్వకర్మ’ పథకం మొదలుపెట్టింది. వడ్రంగి, శిల్పి సహా 18 వృత్తులకు శిక్షణ, పనిముట్లకు 15 వేల రూపాయలు, రెండు విడతలుగా 3 లక్షల దాకా అప్పు, అయిదు శాతం వడ్డీ. అప్పు అవసరమే, కాదనను. కాని పనిముట్టు లేక ఆగిన పని కాదిది, పని లేక ఆగిన పనిముట్టు. పథకానికి దేవశిల్పి పేరు పెట్టి కులాన్ని మళ్లీ వృత్తికి కట్టివేసే ధోరణిని కూడా మనం గమనించాలి.

5

ఆధునిక శిల్పులు ఈ సమస్యను ఎలా ఎదుర్కొన్నారు? రెండు ఉదాహరణలు చూస్తే చాలు.

మద్రాసు కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేసిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన ‘శ్రమ విజయం’ 1959 నుంచి మెరీనా ఒడ్డున ఉంది. నలుగురు మనుషులు ఒక బండను కదిలిస్తుంటారు. శిల్పానికి ముందు జరిగే పనిని, అంటే రాయి కదిలించడాన్ని, శిల్పంగా చేయడం గొప్ప ఆలోచన. గుళ్లలో చోటు దొరకని మనిషి అక్కడ పీఠమెక్కాడు. అయితే ఆ కండలు, ఆ భంగిమలు యూరపు అకాడమీ శిల్పం నేర్పినవి. శ్రమ అక్కడ వీరత్వమైంది, రోజువారీ పనిగా కనిపించదు.

దానికి భిన్నమైనది రామ్‌కింకర్ బైజ్ పని. మంగలి కుటుంబంలో పుట్టి శాంతినికేతన్‌లో పనిచేసిన ఈ మనిషి 1938లో ‘సంథాల్ కుటుంబం’ చేశాడు. పాలరాయి కాదు, కంచు కాదు. సిమెంటు, అక్కడి ఎర్ర కంకర. కావడి భుజాన వేసుకుని కదిలిపోతున్న సంసారం, కావడిలో బిడ్డ, పక్కన కుక్క. వాళ్లు నడిచే నేలలోని కంకరే వాళ్ల ఒళ్లయింది. వస్తువు మారితే పదార్థం మారింది, పదార్థం మారితే రూపం మారింది. పేదవాళ్ల బొమ్మను ఖరీదైన రాతిలో చేయలేదన్న మెప్పుతో ఆగకూడదు. ఆ గరుకుదనం లేకపోతే ఆ నడక లేదు.

రామ్‌కింకర్ చేసింది, మా ఆచారి సింహం దవడకు చేసింది, ఒకే జ్ఞానం. పదార్థం ఏం చెబుతోందో విని దాని ప్రకారం రూపం ఇవ్వడం. ఒకరి పేరు కళాచరిత్రలో ఉంది, ఇంకొకరిది రేషను కార్డులో ఉంది.

6

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. వస్తువు, శిల్పం.

బండిచక్రం చేయడం ఆచారి నాకు నోటితో చెప్పి చూపించాడు. చేయడానికి ఇప్పుడు గిరాకీ లేదు. నల్లతుమ్మ కొట్టి, పచ్చిదనం పోయేదాకా నీడలో ఆరబెట్టాలి. తొందరపడి ఎండలో పెడితే పగులుతుంది. నడిమి కుంభం, దానిలో దిగే ఆకులు, చుట్టూ వంపు ముక్కలు, ఒక్కో ముక్కకు రెండేసి ఆకులు. అతుకుల్లో మేకు లేదు, బంక లేదు. అంతా కుదిరాక కమ్మరి ఇనుపకట్టును పిడకల మంటలో ఎర్రగా కాల్చి చక్రానికి ఎక్కిస్తాడు. కొయ్య అంటుకునేలోగా నీళ్లు పోస్తారు. ఇనుము చల్లబడి కుంచించుకుని అతుకులన్నిటినీ ఒక్కసారి బిగిస్తుంది. ఆ క్షణంలో చక్రం కిర్రుమని అరుస్తుందట. ఆ అరుపును బట్టి ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పేవాడట వాళ్ల నాయన.

ఆపైన ఆయన చెప్పిన సంగతి నాకు ఈ సీమ గురించే కాక సాహిత్యం గురించి కూడా చెప్పినట్టు అనిపించింది. ఎండాకాలం కొయ్య ఎండి అతుకులు వదులవుతాయి. అప్పుడు చక్రాన్ని చెరువులో నానేస్తారు. కొయ్య ఉబ్బి మళ్లీ బిగుస్తుంది. కరువు సంవత్సరం చెరువులో నీళ్లుండవు. “కరువొస్తే మనుషులే కాదు సార్, చక్రాలు గూడా వదులైతాయి.” అందుకని ఇక్కడి వడ్రంగులు ఆకుల కూసాలను ఒక నూలు పట్టుగా చేసేవాళ్లట. కరువును లెక్కలో పెట్టుకుని చేసిన అతుకు అది.

శిల్పమంటే ఇదే. ఆ ఒక్క నూలు బిగువులో వాన లెక్క ఉంది, బరువు లెక్క ఉంది, దారి గుంతల లెక్క ఉంది. అది చక్రానికి పైన పూసిన సొగసు కాదు. చక్రంలోంచి దాన్ని విడిగా తీసి చూపించలేం, తీస్తే చక్రమే ఉండదు. వస్తువు వేరు, శిల్పం వేరు అనుకుని, ఒకటి ముందా రెండోది ముందా అని మనం చేసిన వాదం, పని చేయనివాళ్ల వాదం. వడ్రంగికి ఆ సందేహం రాదు. బరువు మోయని చక్రాన్ని ‘శిల్పం బాగుంది, వస్తువు లేదు’ అనడు. మంచి ఉద్దేశంతో చేసి మొదటి గుంతలో విరిగిన చక్రాన్ని ‘వస్తువు బాగుంది, శిల్పం లేదు’ అని క్షమించడు. రెండింటినీ ఒకే మాట అంటాడు: పని కుదరలేదు.

మన కథల విషయానికి దీన్ని అన్వయించుకుంటే కొన్ని కష్టమైన నిజాలు బయటపడతాయి. కరువు మీద మనం చాలా రాశాం. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ (1956) నుంచి ఇప్పటిదాకా ఈ సీమ ఎండిన గొంతుకకు సాహిత్యం తోడుగా నిలిచింది. అది మన ఘనత. అయితే తర్వాత తర్వాత కరువు మనకు అలవాటైన వస్తువైంది. పగిలిన నేల, ఎండిన బోరు, అప్పు, వలస బస్సు. వస్తువు సరైనదే కదా అని అతుకు చూసుకోలేదు. మనిషి చేతిలో ఏ పని ఉందో, ఆ పని ఎలా చేస్తాడో రాయకుండా, అతని ఏడుపు రాశాం. పని తెలిసిన మనిషి అయిపోయి, జాలిపడదగ్గ మనిషి మిగిలాడు. మరోవైపు, జాషువా లాంటి మహాకవి ‘శిల్పి’ ఖండికలో రాతిపనివాడికి ఇచ్చిన నిండు గౌరవాన్ని, తర్వాతి కవులు కొందరు తమకు తాము ఇచ్చుకున్నారు. శిల్పి అంటే కవికి మారుపేరైంది. ఉలి అంటే కలమైంది. ఉలి పట్టినవాడు ఆ పోలికలోనే మాయమయ్యాడు.

లేపాక్షిలో అసంపూర్ణంగా మిగిలిపోయిన కళ్యాణమండపం నాకు ఆ గుడిలో అన్నిటికంటే ఇష్టం. 27 అడుగుల పొడవూ 15 అడుగుల ఎత్తూ ఉన్న బసవన్న ముందు ఫోటోలు తీసుకునేవాళ్లు అక్కడ ఎక్కువసేపు ఆగరు. కప్పు లేదు. పూర్తయిన విగ్రహం దేవుడిని చూపిస్తుంది, ఆగిపోయిన పని మనిషిని చూపిస్తుంది. ఎక్కడ మొదలుపెట్టారు, ఎంత దాకా వచ్చారు, రేపు ఇక్కడినుంచి అందుకోవాలి అని ఎవరు అనుకుని ఆ సాయంత్రం ఉలి దించారు అన్నవి అక్కడే ఊహకు వస్తాయి. లతామండపం స్తంభాల మీది తీగలు చీరల అంచుల్లోకి ఎక్కి బతుకుతున్నాయి. ఆ తీగ గీసిన చెయ్యి ఎవరిదో మనకు తెలియకపోయినా, చేసిన పద్ధతి మన ఎదుటే ఉంది, చదవగలిగితే.

కాబట్టి యువ రచయితలకు, విద్యార్థులకు నా విన్నపం చిన్నది. ‘శిల్పం’ అన్న మాట వాడేముందు ఒక్కసారి ఒక పనివాడి దగ్గర ఒక పూట కూర్చోండి. బాడిస ఎలా పడుతుందో, చిత్రికలో కొయ్య పొర ఎలా లేస్తుందో చూడండి. పనిముట్ల పేర్లు, కొయ్యల పేర్లు, అతుకుల పేర్లు రాసుకోండి. ఆ పేర్లు మాట్లాడేవాళ్లు ముసలివాళ్లయ్యారు, వాళ్ల పిల్లలు బోర్డు కోస్తున్నారు. మాండలిక నిఘంటువుల్లోకి కొన్ని ఎక్కాయి, ఎక్కనివి ఇంకా ఉన్నాయి. ఇది జానపద సేకరణ కోసం కాదు, మన వాక్యం కోసం. తర్వాత అడగాల్సిన ప్రశ్న కూడా మరిచిపోకండి: ఇంత తెలిసినవాడికి ఇంత తక్కువ కూలి ఎందుకు?

లేచి వచ్చేటప్పుడు ఆయన పేరు వ్యాసంలో రాస్తానన్నాను. పేరులేని పనివాళ్ల గురించి ఇంత ఆవేశపడ్డవాణ్ణి గదా. ఆయన సింహం దవడ మీద ఉప్పుకాగితం రుద్దుతూ, తలెత్తకుండానే, “పేరెందుకు సార్. పేరు రాస్తే పని వస్తాదా? రేటు రాయి. దీనికి మూడు దినాలు పట్టింది, రెండు దినాల కూలి ఇస్తామంటాండారు. అది రాయి” అన్నాడు.

రాశాను.